వాన కడగలేని అద్దం

ఆగస్టు 12, మంగళవారం

అమ్మ కుడి చేయి మణికట్టు దగ్గర విరిగింది. పిండికట్టు వేశారు.

ఆత్రేయను వదలను.

ఆగస్టు 13, బుధవారం

నిన్న రెండు ముక్కలే రాశాను. ఇవాళ అంతా రాసిపెడతాను. కోపం చల్లారితే మనిషి మొహమాటానికి పోతాడు, పోనీలే పాపం అనేస్తాడు. నేను అనకూడదు. అందుకే రాస్తున్నాను.

సోమవారం సాయంత్రం విద్యానగర్‌లో ప్రార్థనకు వెళ్ళిన అమ్మను కారులో ఎక్కించుకుని మా యూనివర్సిటీ క్యాంపస్ లోపలి నుంచి ఇంటికి, తార్నాక వైపు వస్తున్నాను. లైబ్రరీ దాటేసరికి కుండపోత. వైపర్లు వేశాను. అవి ఒకసారి అటూ ఇటూ తిరిగాయో లేదో, అద్దం మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర పరుచుకుంది. మళ్ళీ తిరిగితే ఇంకా చిక్కబడింది. తార్నాక చౌరస్తాకు వచ్చేసరికి ఎదుటి బండ్ల లైట్లన్నీ ఆ పొరలో పడి చెదిరిపోయి, రోడ్డేదో ఫుట్‌పాత్ ఏదో తెలియలేదు. కిటికీ దించి తల బయటపెట్టి చూసుకుంటూ నడిపాను. ఎడమ చక్రం ఏదో ఎత్తు ఎక్కింది. వెంటనే ఇనుప స్తంభం. అమ్మ బెల్ట్ పెట్టుకోదు, కడుపు నొక్కుతుందంటుంది. ముందుకు పడుతూ డాష్‌బోర్డుకు చేయి అడ్డం పెట్టింది. ఆ చప్పుడు నాకు అంత వానలోనూ వినపడింది.

"ఏం కాలె బిడ్డా, ఏం కాలె" అంటూనే ఉంది ఆస్పత్రి దాకా.

ఆ వైపర్లు కొత్తవి. అద్దానికి వాననీళ్ళు జారిపోయే మందు పూసిందీ ఈ మధ్యే. రెండూ ఆత్రేయ చేసిన పనులే.

ఆత్రేయ మా భూగోళశాస్త్ర విభాగంలో నాతోపాటే కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. కొండలూ నదులూ ఎంత తెలుసో గానీ, కార్ల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. పార్కింగులో ఎవరి బండి కనపడినా ఆగుతాడు, వైపర్ ఎత్తుతాడు, రబ్బరును గోటితో గీకి చూస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినడానికి నేను దొరికాను.

"ఎండాకాలం మొత్తం ఈ రబ్బరు ఎండల్నే ఉన్నది మేడం, అప్పడం లెక్క అయింది. ఫ్రేమ్ లేని బ్లేడ్లు వేసుకోండి, అద్దానికి అతుక్కొని తుడుస్తయ్. డ్రైవర్ దిక్కు పొడుగుది, అటు దిక్కు పొట్టిది. ఇగ అద్దానికి మందు నేను పూస్త, మీరు పరేషాన్ గాకండి. ఎనభైల పోయిండ్రంటే వైపర్ కూడ అక్కర్లే, నీళ్ళు పూసల లెక్క ఎగిరిపోతయ్" అన్నాడు.

తార్నాకలో ఎనభైలో ఎవడు పోతాడు? పెళ్ళి ఊరేగింపు మనల్ని దాటి పోతుంది.

సెలవు రోజున క్యాంపస్‌కు రప్పించి, అద్దాన్ని షాంపూతో కడిగి, పళ్ళు తోమే పేస్టుతో రుద్ది, ఆరాక సీసాలోంచి మందు తీసి గుడ్డతో గుండ్రంగా పూశాడు. కడిగే ముందు అద్దం మీద వేలు రాసి చూశాడు. "జిడ్డున్నది మేడం. మీ ఇంట్ల ఎవరన్న నూనె చేతులతోని ముట్టుకుంటున్నరా?" అని అడిగాడు.

నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆగస్టు 14, గురువారం

స్టాఫ్‌రూంలో అందరి ముందే అడిగాను. "ఏం మందు పూసిండ్రు సార్? మా అమ్మ చెయ్యి విరిగింది."

ఆయన ముందే సిద్ధమై ఉన్నాడు. లాలాపేట్ మెకానిక్ దగ్గరికి పోయి నా బండి చూసి వచ్చాడట. ఎవరు పొమ్మన్నారు?

"అది నా మందు గాదు మేడం. అద్దం మీద నూనె ఉన్నది. మీ ఇంట్ల అద్దాలు నూనెతోని తుడుస్తరా ఏంది?"

అందరూ నవ్వారు. మా హెడ్ పద్మశ్రీ మేడం కూడా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. వానల మీద పాఠం చెప్పే మేడంకు వానే కనపడలేదని ఇంకెవరో అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

తర్వాత వరండాలో వెనకనుంచి వచ్చి "అమ్మకు ఇప్పుడెట్లున్నది?" అని అడిగాడు. వినపడనట్టే క్లాసుకు నడిచాను.

నాకు వాడి క్షమాపణ వద్దు. వాడి అద్దం కూడా ఒకరోజు నా అద్దంలాగే గుడ్డిదవ్వాలి. కుండపోత వానలో. అదే తార్నాక చౌరస్తాలో, ఎదురుగా లైట్లు వస్తుండగా. అప్పుడు నవ్వమనాలి.

ఆగస్టు 17, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఇంత పగ పెట్టుకుని పాట ఎలా పాడతాం? అమ్మ ఆటోలో వెళ్ళి వచ్చింది. నా కోసం ప్రార్థన చేయించిందట. చేయించనీ.

ఆగస్టు 20, బుధవారం

బండి వచ్చింది. ముందుగా ఆత్రేయ బ్లేడ్లు పీకి డిక్కీలో పడేశాను. పారేయను. సాక్ష్యం.

మెట్టుగూడలో వైపర్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. మంచి బ్లేడ్లు చూపించమంటే, "సార్‌ను తీస్కరాండి మేడం, సైజు తెల్వాలె గదా" అన్నాడు. ఏ సారును తీసుకురావాలి? ఉన్న ఒక్క సారూ అమ్మ చేయి విరగ్గొట్టాడు. పాత బ్లేడు దుకాణం బల్ల మీద పెట్టి, "ఇగో సైజు, కొలుసుకోండి" అన్నాను. ఫ్రేమ్ లేనివి చూపిస్తే వద్దన్నాను. అవి ఆత్రేయ మతం. పాతకాలపు ఇనుప ఫ్రేమువే తీసుకున్నాను.

ఇంటికొచ్చి అద్దం మీద వాడు పూసిన మందంతా పోయేదాకా పేస్టుతో రుద్దాను. భుజాలు పడిపోయాయి. సాయంత్రం వాన పడింది. అద్దం కడిగిన ముత్యంలా ఉంది. బ్లేడు చప్పుడు లేకుండా తుడిచింది. అంటే ఏమిటి? తప్పు ఎవరిదో తేలిపోయింది. మా ఇంట్లో నూనెతో తుడుస్తామట!

ఆగస్టు 25, సోమవారం

మళ్ళీ ఆ పొర. అదే పాల పొర. పగటి వాన కాబట్టి ఎలాగో క్యాంపస్ చేరాను.

ఎంత రుద్దినా వాడి మందు పోలేదన్నమాట. అద్దంలోకి ఇంకిపోయి ఉంటుంది. గాజులోకి ఇంకుతుందా అని అడిగేవాళ్ళుంటారు. వాడి చేతి మందు ఇనుములోకైనా ఇంకుతుంది.

ఆగస్టు 26, మంగళవారం

పొర పట్టిన అద్దం ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఒకటే వాక్యం: "ఉచిత సలహాలతో జాగ్రత్త, మా అమ్మ చేయి విరిగింది." పేరు రాయలేదు. రాయనక్కర్లేదు.

మధ్యాహ్నానికి పని జరిగిపోయింది. పద్మశ్రీ మేడం తన కొత్త కారుకు ఆత్రేయతో మందు పూయించుకుందామనుకుందట, వద్దనుకుంది. సాయంత్రం ఆత్రేయ పార్కింగులో ఒకాయన వైపర్ మీద చేయి వేయబోతే, ఆ బండి గలాయన "వద్దులెండి సార్" అని నవ్వుతూనే చేయి పక్కకు తోశాడు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. ఆత్రేయ మొహం చూడాలి. బొమ్మ లాక్కున్న పిల్లవాడి మొహం.

కడుపు చల్లబడింది. కొంచెమే.

ఆగస్టు 27, బుధవారం

ఆత్రేయ నా నంబరు బ్లాక్ చేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆగస్టు 31, ఆదివారం

చేతికి కట్టు ఉంది కదా, అమ్మకు తల నేనే దువ్వుతున్నాను. వాన పడితే కట్టులోపల దురద పెడుతుందట, నా దువ్వెన తీసుకుని లోపలికి దోపి గీక్కుంటుంది. ఇవాళ తల దువ్వుతుంటే నా మోకాలి మీద ఎడమ చేయి వేసింది. చీరకు నూనె మరక. ఎక్కడిదమ్మా అంటే, అరచేయి పగిలితే రాసుకున్నానంది.

మూడో అంతస్తు నుంచి ఒక్కతే దిగి పొద్దున్నే ఎక్కడికి వెళ్ళొచ్చావంటే, గాలికి అంది. వాళ్ళ ఊళ్ళో గాలి ఇంట్లోకే వచ్చేదట, ఇక్కడ మనమే దిగి పోవాలట.

ఆ చేత్తో మెట్లు దిగడమే తప్పు. పడితే? అది కూడా ఆత్రేయ లెక్కలోకే వస్తుంది.

సెప్టెంబరు 1, సోమవారం

పొర.

సెప్టెంబరు 5, శుక్రవారం

టీచర్స్ డే. పిల్లలు ఆత్రేయకు గులాబీ ఇచ్చారు. నాకూ ఇచ్చారు, అది వేరే సంగతి. "మా సార్ వల్లే మా బైకులు నడుస్తున్నయ్" అని ఒక కుర్రాడు మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు. మా ఇండ్లల్లో అన్నీ జిడ్డేనని అన్నవాడికి చప్పట్లు.

నా హ్యాండ్‌బ్యాగులో కొవ్వొత్తి ఉంది. పొద్దున ఇంట్లోంచే తీసుకొచ్చాను. అద్దానికి పలుచగా మైనం రుద్దితే ఎండలో కనపడదు. వాన పడి వైపర్ వేస్తేనే తెలుస్తుంది. సభలోంచి మెల్లగా బయటికొచ్చి వాడి బండి దగ్గర నిలబడ్డాను. కొవ్వొత్తి బయటికి తీశాను. వెనక సీట్లో పసిపిల్లల కుర్చీ కట్టి ఉంది. దాని మీద ఒక చిన్న చెప్పు, ఒక్కటే.

"ఏమైంది మేడం? ఆత్రేయ సారు బండికి ఏమన్న అయిందా?" వాచ్‌మన్ దానయ్య. ఈయన ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు, ఇవాళే మెలకువ వచ్చింది.

"ఏం లేదు."

"గా కొవ్వొత్తి ఏంది మేడం?"

"కరెంటు పోతదేమోనని."

దానయ్య ఒకసారి ఎండకేసి చూశాడు, ఒకసారి నాకేసి చూశాడు. నేను సభలోకి వెళ్ళిపోయాను.

దానయ్య రాకపోతే రుద్దేదాన్నే. కచ్చితంగా రుద్దేదాన్ని.

సెప్టెంబరు 9, మంగళవారం

బ్యాగు కారులో మర్చిపోయాను. కొవ్వొత్తి కరిగి తాళంచెవుల గుత్తికి అంటుకుంది. ఒక్కో తాళంచెవినీ గీకి శుభ్రం చేశాను.

సెప్టెంబరు 15, సోమవారం

ఇప్పుడు సిలికాన్ బ్లేడ్లు వేయించాను. ఇవి ఎండకు గట్టిపడవట. శుక్రవారం వానకు బాగున్నాయి. శనివారం బాగున్నాయి. ఇవాళ మళ్ళీ పొర. సోమవారం వస్తే చాలు, నా అద్దానికి పూనకం.

క్లాసు చెబుతుండగా తట్టింది. రుతుపవనాల దిశ గురించి చెబుతూ బోర్డు మీద బాణం గీస్తున్నదాన్ని మధ్యలోనే ఆగిపోయాను. సోమవారం మొదటి పీరియడ్ మా ఇద్దరికీ ఒకే బిల్డింగులో. వాడి బండి నా బండి పక్కనే ఉంటుంది. మిగతా రోజుల్లో ఉండదు.

వాడే పూస్తున్నాడు! నేను పొద్దున వచ్చేటప్పుడే పొర ఉందిగదా అంటే, పోయిన సోమవారం పూసింది ఈ సోమవారం దాకా లోపల దాగి ఉండొచ్చు. మందుల సంగతి వాడికి తెలిసినంత మనకేం తెలుసు.

మీ జాతే జిడ్డు జాతి అన్నట్టు మాట్లాడినవాడు ఏమైనా చేస్తాడు.

సెప్టెంబరు 16, మంగళవారం

వాడి అద్దం గుడ్డిదవ్వాలి. వానలో. తార్నాకలో.

సెప్టెంబరు 22, సోమవారం

పొర. వాడి బండి ఇవాళ అసలు రానేలేదు. సెలవు పెట్టాడట.

దీని గురించి రేపు ఆలోచిస్తాను.

సెప్టెంబరు 25, గురువారం

ఇవాళ చాలా జరిగింది. వరసగా రాస్తాను.

పొద్దున అమ్మ కట్టు విప్పారు. చేయి సన్నబడిపోయి, తెల్లగా పాలిపోయి, అది అమ్మ చేయి కానట్టుంది. "ఎవలదో అరువు తెచ్చుకున్నట్టున్నది బిడ్డా" అని తనే నవ్వింది. జవాబు పేపర్లు ఇచ్చిరావాలని ఆస్పత్రి నుంచి అమ్మను తీసుకుని క్యాంపస్‌కు వచ్చాను. పార్కింగులో చెట్టు కింద బండి ఆపి, అమ్మను కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. పద్మశ్రీ మేడం మాటల్లో పెట్టింది. వచ్చేసరికి ఆలస్యమైంది. ఆకాశం నల్లగా దిగింది. అమ్మ బండిలో లేదు, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఎక్కడిదని నేను అడగలేదు.

గేటు దాటగానే చినుకులు. వైపర్ వేశాను. పలుచగా పొర. అమ్మ ఇటు తిరిగి చెప్పింది.

"ఆ ఆత్రేయ సారు ఎంత మంచోడు బిడ్డా. నా చెయ్యి చూసి, కట్టు ఇప్పిండ్రా అమ్మా అని అడిగిండు. ఉక్క పోస్తున్నదంటె కుర్చీ తెచ్చి ఏసిండు. పొద్దుమూకి పెండ్లాన్నీ పిల్లనూ తీస్కొని ఇట్నుంచి ఇటే కరీంనగర్ పోతడట. వానల చిన్న పిల్లతోని ఎట్ల పోతవ్ కొడుకా అన్న. అందుకే ఆయన బండికి గూడ రాసిన."

"ఏం రాసినవ్?"

"నూనె. పాస్టరయ్య ప్రార్థన చేసిచ్చిన నూనె. నీ బండికి రాసినట్టే."

"నా బండికి ఎక్కడ రాస్తవమ్మా?"

"అద్దానికే. నువ్వు కూసునే దిక్కు. ఆదివారం ఆదివారం పొద్దుగాల దిగి రాస్త గదా. నీకు చెప్తె తిడ్తవని చెప్పలె. చెయ్యి ఇరిగినంక ఎడమ చేతితోని రాసిన, దేవుడేమన్న అనుకుంటడేమో అని భయమైంది. ఇయ్యాల కుడి చేతితోనే రాసిన, ఆ సారు బండికే మొదలు."

నేను తార్నాక చౌరస్తాలోనే ఉన్నాను అప్పుడు. వంగిన స్తంభాన్ని ఇంకా సరిచేయలేదు. దాని పక్కనుంచే వెళ్ళాను.

ఏం అనిపించిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎవరు చదువుతారు గనక. మొదట సంతోషం వేసింది. నేను అడిగినట్టే, వాన. అడిగినట్టే, అద్దం. కరీంనగర్ వెళ్ళాలంటే తార్నాక మీదుగానే వెళ్ళాలి. నా చేతికి మరక అంటకుండా, ప్రార్థన చేసిన నూనెతో అయిపోతోంది. తప్పు వాడిది కాదన్న సంగతి దాని తర్వాత తట్టింది. చాలాసేపటి తర్వాత కాదు గానీ, తర్వాతే.

ఇంటికి వచ్చాం. అమ్మను మెట్లెక్కించాను. చాయ్ పెట్టాను. వాన పెద్దదైంది. ఆయనకు కార్ల గురించి అన్నీ తెలుసు కదా, చూసుకుంటాడు, తుడుచుకుంటాడు అనుకున్నాను. అద్దం మీద వేలు రాయనిదే బండెక్కడు కదా అనుకున్నాను. ఫోన్ చేశాను, బ్లాక్. చేశానుగా, ఎత్తలేదు, నేనేం చేసేది అనుకున్నాను. చాయ్ కప్పు చేతిలో ఉంది, తాగలేదు.

అవతలి గదిలో అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. మామూలుగా నా పేరుతో మొదలుపెడుతుంది. ఇవాళ, "ప్రభువా, ఆ సారును, ఆయన పెండ్లాన్ని, ఆ పసిదాన్ని మంచిగ చేర్చు తండ్రీ. నా బిడ్డను ఇన్నొద్దులు కాపాడినట్టే వాళ్ళను గూడ కాపాడు" అంది.

కాపాడినట్టే, అంది.

ఆ ఒంటి చెప్పు గుర్తొచ్చింది. వంటింట్లోంచి గిన్నెలు తోమే సబ్బు డబ్బా, పీచు, బకెట్ తీసుకుని మెట్లు దిగాను. ముందు కింద నల్లా దగ్గర నా అద్దం కడిగాను. నురగ వానలో జారిపోయింది. వైపర్ వేశాను. గాజు గాజులా కనపడింది. ఇన్ని వారాలు ఇన్ని బ్లేడ్లు మార్చినా దొరకనిది సబ్బుతో దొరికింది. రోడ్డు కనపడుతుంటే ఏడుపొచ్చింది, సిగ్గుతో.

క్యాంపస్‌కు చేరేసరికి వాళ్ళ బండి పార్కింగులోంచి బయటికి వస్తోంది. నా బండి అడ్డం పెట్టి దిగాను. ఆత్రేయ హారన్ కొట్టాడు, తర్వాత వైపర్లు ఆపి దిగాడు. అప్పటికే ఆ అద్దం తెల్లబడింది. నేను ఏమీ అనకుండా బానెట్ మీదికి వంగి పీచుతో రుద్దడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నరు మేడం?"

"కడుగుతున్న."

ఆయన ఒక వేలు అద్దం మీద రాసి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె. కొబ్బరి నూనె. ఏంది మేడం ఇది?"

దానయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. ఆయనను ఎవరూ అడగలేదు. "ఆ రోజు సార్ బండి కాడ కొవ్వొత్తి పట్టుకొని నిలవడ్డది ఈ మేడమే సార్. నేను చూసిన" అన్నాడు.

ఆత్రేయ భార్య కిటికీ దించింది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. "బండ్ల పిల్ల ఉన్నది. నువ్వు మనిషివేనా?" అంది. గట్టిగా కూడా అనలేదు.

అమ్మ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే నేను బయటపడేదాన్ని. చెబితే రేపు స్టాఫ్‌రూంలో నవ్వులు. నూనె గురించి, అమ్మ గురించి, మా చర్చి గురించి. అది కూడా పరవాలేదు, పడతాను. కానీ ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి ఒకరోజు మూడో అంతస్తు దాకా వస్తుంది. తన చేయి తన నూనె వల్లే విరిగిందని అమ్మకు తెలుస్తుంది. ఆ చేత్తో ఇక అమ్మ ఎవరికీ ఏమీ రాయదు.

"నేనే రాసిన" అన్నాను.

ఆత్రేయ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "మీ అమ్మకు కుర్చీ ఏసిన మేడం నేను ఇందాక" అన్నాడు. అంతే. నా చేతిలోంచి పీచు తీసుకుని మిగిలిన సగం తనే కడుక్కున్నాడు.

సెప్టెంబరు 26, శుక్రవారం

పద్మశ్రీ మేడం తలుపు వేసి అడిగింది. "నువ్వేనా చేసింది? నిజం చెప్పు నవనీతా."

"నేనే మేడం."

"ఎందుకు?"

"కోపంల."

వచ్చే ఏడు కాంట్రాక్టుకు నా పేరు పెట్టాలంటే ఆలోచించాల్సి వస్తుందంది. దసరా సెలవుల తర్వాత స్టాఫ్ అందరి ముందు ఆత్రేయకు క్షమాపణ చెప్పాలంది. చెబుతానన్నాను.

గ్రూపులో ఎవరో నా పాత వాక్యాన్నే మళ్ళీ పెట్టారు. "ఉచిత సలహాలతో జాగ్రత్త." కింద ఒకటే నవ్వుబొమ్మలు. ఆత్రేయ పెట్టలేదు. వాడు పెడితే బాగుండేది. ఇంకో నాలుగు రోజులు తిట్టుకోవడానికి పనికొచ్చేది.

పగ పోతుందనుకున్నాను. పోలేదు. కారణమే పోయింది. ఇప్పటికీ వాడు పార్కింగులో ఎవరి వైపరో గోటితో గీకుతుంటే ఒళ్ళు మండుతుంది. కుర్చీ వేశాడని మనిషి మారిపోతాడా?

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున అమ్మ వెనకాలే దిగాను. దొరికిపోయినట్టు నిలబడింది, చేతిలో చిన్న సీసా.

"అద్దానికొద్దమ్మా. స్టీరింగుకు రాయి ఈసారి."

"పిచ్చిదానివా బిడ్డా, స్టీరింగుకు నూనె రాస్తె చేతులు జారవా?"

నేను పక్కకు జరిగాను.

ఆ సన్నబడిన చేత్తో, వేళ్ళు ఇంకా సరిగ్గా వంగక, నేను కూర్చునే వైపు అద్దమంతా ఓపికగా రాసింది. ఒక్క మూల కూడా వదల్లేదు. చివర కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది.

"ఆ సారోళ్ళు మంచిగ చేరిండ్రా?"

"చేరిండ్రమ్మా."

"చూసినవా మరి" అంది గర్వంగా.

ఆకాశం మళ్ళీ నల్లగా ఉంది. చర్చికి ఇద్దరం వెళ్దామన్నాను. నవ్వింది. చీర మార్చుకుని వస్తానని మెట్లెక్కింది. పైన మా తలుపు తీసిన చప్పుడు వినపడేదాకా ఆగి, డిక్కీలోంచి సబ్బు డబ్బా, పీచు తీశాను.